రోహిణీ కార్తెలో ఇంగ్లండు సంసారం

నర్సులను విదేశాలకు పంపే కోచింగ్ సెంటర్లలో ఇప్పుడు పనిచేస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ నాకు ఫోను చేస్తుంటారు. "మేడమ్‌గారూ, ఈ జీతంతో ఫ్యామిలీ మొత్తం అక్కడ బతకొచ్చా అని అడుగుతున్నారండీ, ఏం చెప్పమంటారు?" అంటారు. నేను రిటైరయ్యాను గాని ఆ ప్రశ్న రిటైరవలేదు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక గొంతు పోతోంది కాబట్టి ఇక్కడ ఒకేసారి చెప్పేస్తాను. మధ్యలో నా గొప్పలు కూడా కాస్త వినిపిస్తాయి. పెద్దదాన్ని, భరించండి.

నేను మొదట ఒక మిషన్ ఆసుపత్రిలో వార్డు సిస్టరుని. ఆ తరవాత రాజమండ్రిలో ఒక కోచింగ్ సెంటర్లో చేరాను. అక్కడ ఇంగ్లీషు చెప్పడానికి ఒక మాస్టారు, ఇంటర్వ్యూలు చూసుకోవడానికి డైరెక్టరుగారు ఉండేవారు. పరాయిదేశంలో ఇల్లు నడపడం ఎలాగో చెప్పడం నా పని. పిల్లలు దాన్ని ఉప్పు పప్పు క్లాసు అనేవారు. ఇంగ్లీషు మాస్టారికి ఏసీ గది, నాకు మెట్ల పక్క గది. ఆ మాస్టారు మంచివాడే గాని, కొత్త బ్యాచి రాగానే బోర్డు మీద పౌండ్ల జీతం రాసి దాన్ని రూపాయల్లోకి మార్చేవాడు. అంకె చూసి పిల్లలంతా ఆహా ఓహో అనేవారు. వాళ్లు నా గదికి రాగానే నేను చెప్పే మొదటి మాట ఒకటే. "అక్కడ కూరగాయలవాడు కూడా నిన్ను ఆ పౌండ్లలోనే అడుగుతాడమ్మా. వాడికి రూపాయలు ఇస్తానంటే తీసుకోడు." అంతటితో సగం మంది మొహాలు చిన్నబోయేవి.

అలాంటి ఒక బ్యాచిలో ఒక అమ్మాయి వచ్చింది. భీమవరం పక్క పల్లెటూరు అత్తారిల్లు, పుట్టిల్లు రామచంద్రపురం వైపు. భర్త భీమవరంలో ఐసు ఫ్యాక్టరీలో మిషను ఆపరేటరు. ఇద్దరు పిల్లలు, పదేళ్ల అమ్మాయి, నాలుగేళ్ల బాబు. పనిలో ఆమెను మించినవాళ్లను నేను తక్కువమందినే చూశాను. మాట మాత్రం నోట్లోంచి బయటికొచ్చేది కాదు. ఏమడిగినా "పర్వాలేదండీ" అనేది. కాలు తొక్కినా పర్వాలేదండీ, భోజనం అయిపోయిందన్నా పర్వాలేదండీ.

ఒక్క విషయంలో మాత్రం ఆమె పర్వాలేదనలేదు. పెద్దమ్మాయి పసిపిల్లగా ఉన్నప్పుడు ఆమె కువైట్ వెళ్లి కొన్నేళ్లు పనిచేసింది. తిరిగొచ్చేసరికి ఆ పిల్ల నానమ్మ కొంగు వెనక నుంచి తొంగి చూసి, చుట్టాలొచ్చారనుకుని మంచినీళ్లు తెచ్చి ఇచ్చిందట. "ఆ గ్లాసు నేను జన్మలో మర్చిపోలేనండి. ఈసారి వెళ్తే నలుగురం వెళ్తాం, లేకపోతే లేదండి" అంది నాతో. ఇంగ్లండులో సముద్రం పక్క చిన్న ఊళ్లో ఒక ఆసుపత్రి ఆమెను ఫోన్ ఇంటర్వ్యూలో తీసుకుంది. వీసాలకు కాగితాలు పెట్టేలోపు కుటుంబం వస్తుందో లేదో తేల్చి చెప్పమంది. అక్కడికి వెళ్లి ఇంకో పరీక్ష పాసయ్యేదాకా జీతం తక్కువే.

మా డైరెక్టరుగారిది ఎప్పుడూ ఒకటే మాట. "ముందు ఒక్కరే వెళ్లాలి సిస్టర్‌గారూ. ఫ్యామిలీ సంగతి నిదానంగా చూసుకోవచ్చు." ఒక్కరే వెళ్తే ఎవరికీ తలనొప్పి లేదు. ఆ నిదానం ఎన్నేళ్లు సాగుతుందో నాకు తెలుసు. అలా వెళ్లినవాళ్ల పిల్లలు వీడియో కాల్‌లోనే పొడుగవడం నేను చూశాను.

సరే, క్లాసులోనే అందరం లెక్క వేద్దాం రమ్మన్నాను. అక్కడ నలుగురికి నెలకి ఏమేం కావాలో, ఇక్కడ ఇప్పుడు ఎంతవుతోందో చెప్పమన్నాను. తిండికి ఆమె చెప్పిన అంకె విని నాకు నవ్వొచ్చింది.

"ఇంత తక్కువేంటమ్మా?"

"కిరాణా కొట్లో అయ్యేది అంతేనండి."

"మరి బియ్యం?"

ఆమె నావైపు జాలిగా చూసింది. "బియ్యం కొనడమేంటండీ?"

"కొబ్బరికాయలు?"

"పుట్టింటోళ్లు పంపుతారండి."

"చేపలు?"

"మా మరిది చెరువు పట్టినప్పుడు ఇస్తాడండి."

"పాలో?"

"గేదుంది కదండీ."

"మీ అత్తగారు పొద్దస్తమానం పిల్లల్ని చూస్తారు కదా, దానికి?"

క్లాసంతా గొల్లున నవ్వింది. "ఆవిడకి జీతమేంటండీ బాబూ!" అని ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వినవాళ్లలో ఒక్కరి లెక్కలోనూ బియ్యం లేదని తరవాత చూస్తే తెలిసింది. ఇది మన గోదావరి జిల్లాలవాళ్ల రోగం. ఇంటికి బస్తాలొస్తాయి, గెల వస్తుంది, జాడీతో ఆవకాయ వస్తుంది. కొన్నది మాత్రమే ఖర్చు అనుకుంటాం. బతకడానికి ఎంతవుతుందో నిజంగా మనకు తెలియదు.

కాగితం మీద ఇది తేలే వ్యవహారం కాదని నాకు అప్పుడే అర్థమైంది. వేసవి సెలవులు కదా, నలుగురినీ తీసుకొచ్చి ఒక నెల ఇక్కడ కాపురం పెట్టమన్నాను. సెంటరు వెనక మేడ మీద ఒక గది, చిన్న వంటిల్లు ఉండేవి. అందులో విరిగిన మంచాలు, ప్రాక్టికల్ క్లాసుకి వాడే మనిషంత రబ్బరు బొమ్మ పడి ఉండేవి. మంచాలు దింపించాం. బొమ్మకి చోటు లేక మూలన కుర్చీలో కూర్చోబెట్టాం. బాబు రెండు రోజులు దాన్ని చూసి ఏడ్చి, మూడో రోజు నుంచి తాతయ్యా అని పిలవడం మొదలుపెట్టాడు.

"ఇదెక్కడి చాదస్తం సిస్టర్‌గారూ? రాజమండ్రిలో కూర్చోబెట్టి ఇంగ్లండు ఖర్చు చూస్తారా?" అని డైరెక్టరుగారు వెటకారం చేశారు. ఇంగ్లీషు మాస్టారు అయితే ఏకంగా వీసా ఇంటర్వ్యూ మెట్ల దగ్గరే పెడదామా అని అడిగాడు. నవ్వుకోనివ్వండి అనుకున్నాను. నా పద్ధతి తేలిక. అక్కడున్న మా పాత విద్యార్థినుల్ని అడిగి, అక్కడి కొట్లలో ఏ సరుకు ఎంతో తెప్పించుకున్నాను. ఇంటద్దె, పన్నులు, బస్సు ఖర్చు అన్నీ తీసేశాక ఆ జీతంలో మిగిలేదానికి వారానికి ఎంత బియ్యం, ఎన్ని గుడ్లు, ఎన్ని పాలు, ఎంత కోడిమాంసం వస్తాయో చూశాను. సోమవారం పొద్దున్న ఆ సరుకు ఒక బుట్టలో పెట్టి మేడ మీదికి పంపేదాన్ని. మళ్లీ సోమవారం దాకా అంతే. అరువు లేదు, పక్కింటి చేబదులు లేదు, పనిమనిషి లేదు. ఆమె పగలు క్లాసుల్లో ఉంటే ఇల్లూ పిల్లలూ భర్తవే.

ఇంకోటి కూడా పెట్టాను. అక్కడ చలికాలంలో హీటరు రోజంతా వేసుకుంటే జీతం దానికే పోతుంది. వేళ ప్రకారం వేసుకుని, ఆపేసి, స్వెటర్లు వేసుకుని కూర్చోవాలి. మాకు బయట రోహిణీ కార్తె, రోళ్లు పగిలే ఎండ. హీటరు ఎక్కడ తేను? అందుకని కూలరుకి ఆ రూలు పెట్టాను. పొద్దున్న కాసేపు, సాయంత్రం కాసేపు. "ఇన్నేళ్లూ ఐసులో పనిచేసి ఇప్పుడిలా ఉడికిపోతున్నానండీ బాబూ" అని ఆ భర్త తువ్వాలుతో విసురుకుంటూ నవ్వేవాడు. బంగారం లాంటి మనిషి. ఐసు ఫ్యాక్టరీ ఓనరు వేసవిలో సెలవేంటని గొడవపెడితే, తోటి ఆపరేటరును బతిమాలి తన షిఫ్టులు అప్పజెప్పి మరీ వచ్చాడు.

మొదటి వారం గురువారానికే బియ్యం అయిపోయాయి. మూడు పూటలా అన్నమే వండితే అవవా మరి? శుక్ర, శనివారాలు బంగాళదుంపలు ఉడకబెట్టుకుని తిన్నారు. భార్యాభర్తలు పోట్లాడుకున్నారు కూడా. "నువ్వు గిన్నె నిండా వండేశావు" అని ఆమె, "నాకెప్పుడైనా వంట నేర్పారా అమ్మా నువ్వూ?" అని అతను. ఆ గొడవ కిందికి నా క్లాసు దాకా వినిపించింది. నాకు సంతోషమేసింది. అక్కడ చలిలో పోట్లాడుకునే బదులు ఇక్కడే అయిపోయింది కదా.

ఆదివారం చర్చి అయ్యాక అత్తగారు దిగింది. చేతిలో క్యారేజీ, చంకలో ఆవకాయ జాడీ, వెనక రిక్షావాడి నెత్తిన బియ్యం మూట. నేను మెట్ల దగ్గర అడ్డంగా నిలబడ్డాను.

"వందనాలమ్మా, పిల్లలెక్కడ?" అంది ఆవిడ.

"వందనాలండి. మీ పిల్లలు ఇంగ్లండులో ఉన్నారు. అక్కడికి బియ్యం మూట వెళ్లదండి."

"అదేంటమ్మా! అదిగో, పిట్టగోడ మీంచి చెయ్యి ఊపుతా ఉంటే ఇంగ్లండంటావేంటి?"

ఎంత చెప్పినా ఆవిడ వినలేదు. నా కోడలు పస్తులుంటే నేనెలా తింటానమ్మా అని మెట్ల మీద కూలబడి కళ్లొత్తుకుంది. పిల్లల్ని కిందికి పిలిపించి కావలసినంతసేపు ముద్దులు పెట్టుకోనిచ్చాను. తిండి మాత్రం పైకి పోనివ్వలేదు. మూట వెనక్కి పంపించేశాను. క్యారేజీలో చేపల పులుసు పాడైపోతుందని నేనూ ఇంగ్లీషు మాస్టారూ తినేశాం. చాలా బాగుంది. ఆ రోజు నుంచి మాస్టారు నా ప్రయోగాన్ని వెక్కిరించడం మానేశాడు.

రెండో వారానికి అతను వంట పట్టేశాడు. ఒక పూట చపాతీ, ఒక పూట గంజి, కూరలో నూనె గరిటెతో కాకుండా చెంచాతో. మూడో వారం ఆదివారం నేను పైకెళ్లి చూస్తే బుట్టలో ఇంకా గుడ్లున్నాయి, పాలున్నాయి, కాస్త బియ్యం కూడా ఉన్నాయి. నా సంతోషం చెప్పలేను. పరుగున డైరెక్టరుగారి గదికి వెళ్లి, "చూశారా, మిగిలింది! నెలనెలా కాస్త వెనకేసుకోవచ్చు కూడా" అని చేతులు తిప్పుతూ చెప్పాను. ఆ మిగులుతో నెలనెలా తీర్చేలా అప్పు తెస్తే, అక్కడ ఇల్లు తీసుకోగానే కట్టాల్సిన అడ్వాన్సు గండం కూడా గడుస్తుందని నా ధీమా.

మర్నాడు మధ్యాహ్నం పిల్లలు అన్నాలు తింటుంటే మేడెక్కాను. పెద్దమ్మాయి తన కంచంలో గుడ్డు తీసి తమ్ముడి కంచంలో వేసింది. నన్ను చూసి గబగబా కంచం తీసేసింది. ఎన్నో ఏళ్లు వార్డుల్లో తిరిగినదాన్ని, తినని మనిషి మొహం నాకు తెలుసు. కిందికి పిలిచి నా గదిలో కూర్చోబెట్టి బిస్కెట్లు పెట్టాను.

"ఆకలి లేదండి" అంది.

"ఆకలి లేని మొహం కాదులే ఇది. ఎందుకు తినడం లేదు?"

ఒక బిస్కెట్టు తీసి మళ్లీ ప్లేటులో పెట్టేసింది. తరవాత గుమ్మం వైపు చూస్తూ మెల్లిగా అంది. "నలుగురికి సరిపోకపోతే ఎవరినో ఒకళ్లని ఇక్కడే ఉంచేస్తారంట కదండీ. డైరెక్టర్ సార్ చెప్తుంటే విన్నాను. తమ్ముడు చిన్నోడు కదా, వాణ్ణి ఉంచరు. నేను కొంచెమే తింటే సరిపోద్దని."

నేను చేతులు తిప్పుతూ చూపించిన మిగులు ఈ పిల్ల కడుపులోంచి వచ్చింది. బిస్కెట్లు దాని చేతిలో కుక్కి, తినేదాకా ఎదురుగా కూర్చున్నాను. సాయంత్రం తల్లికి చెప్పాను. ఆమె గోడకానుకుని అంతా వింది. తరవాత పైకెళ్లి ఆ పూట పిల్లకి తనే ముద్దలు కలిపి పెట్టింది.

నాలుగో వారం ఆ పిల్ల కడుపునిండా తింది. నేను రోజూ పక్కన నిలబడి చూశాను. ఆదివారానికి బుట్ట ఖాళీ అయింది. లోటు రాలేదు, మిగలనూ లేదు. సరిగ్గా సరిపోయింది. అంటే నలుగురూ ఆ జీతంతో అక్కడ మర్యాదగా తిని బతకొచ్చు. కానీ అద్దె ఇంటికి ముందుగా కట్టే పెద్ద మొత్తం మాత్రం ఎక్కడినుంచీ రాదు. కొత్తగా వచ్చినవాళ్లకి అక్కడ హామీ ఉండేవాళ్లు ఉండరు. అందుకని ఇంటివాళ్లు నెలల అద్దె ఒకేసారి అడుగుతారు. ఆసుపత్రి మొదట్లో ఇస్తానన్నది ఒక్కరు ఉండే గది.

"ఒక్కరికే గది ఎందుకిచ్చారు? నలుగురని నువ్వు చెప్పలేదా?" అని అడిగాను.

ఆమె తల దించుకుంది. "ఇంటర్వ్యూలో సింగిల్ రూము ఓకేనా అన్నారండి. పర్వాలేదండీ అన్నానండి."

నా నెత్తి కొట్టుకున్నాను. అడిగితే ఏమనుకుంటారో, అడగడం మర్యాద కాదేమో అని ఎదుటివాడు విషమిచ్చినా పర్వాలేదండీ అని పుచ్చుకునే జాతి మనది. ఆసుపత్రి వాళ్లతో ఈసారి వీడియో కాల్ పెట్టించమని డైరెక్టరుగారి వెంటపడ్డాను. ఆయనకి ఇష్టం లేదు. గొంతెమ్మ కోరికలు కోరితే ఇంకో నర్సుని చూసుకుంటారని ఆయన భయం. అదేమీ ఉత్తి భయం కాదు. వాళ్లు వద్దంటే కుటుంబం మాట దేవుడెరుగు, ఆమె ఉద్యోగమే పోతుంది. ఆ మాట ఆమెతో దాచకుండా చెప్పాను. "అడుగుతానండి" అంది.

అంది గాని, నోరు పెగలాలి కదా. ఇంగ్లీషు మాస్టారు ఆసుపత్రి ఆఫీసరులా కుర్చీలో కూర్చుని సింగిల్ రూము ఓకేనా అని అడగడం, ఈమె ఓకే సార్ అనడం. పదిసార్లు ప్రయత్నించాం. మాస్టారు విసిగిపోయి, "ఇంక నా వల్ల కాదు, ఈవిడ గొంతు కోస్తానన్నా ఓకే అంటుంది" అన్నాడు.

నాకు వార్డు గుర్తొచ్చింది. "అమ్మాయ్, డాక్టరు డోసు తప్పు రాస్తే ఏం చేస్తావు?" అన్నాను.

"ఆపేసి చెప్తానండి."

"పెద్ద డాక్టరు. కోప్పడతాడు."

"కోప్పడితే ఏంటండీ? అవతల పేషెంటు కదా."

"ఇక్కడ పేషెంటు ఎవరు?"

ఆమె మేడ వైపు చూసింది.

కాల్ రోజు డైరెక్టరుగారు, మాస్టారు, నేను కెమెరాకి కనబడకుండా గోడ పక్కన నిలబడ్డాం. అవతల ఒక నెరిసిన జుట్టావిడ. పలకరింపులయ్యాక, కాగితాలు చూసుకుంటూ, వచ్చేది మీరొక్కరే కదా, సింగిల్ రూము సిద్ధం చేస్తున్నాం, సరేనా అంది.

ఆమె వీపు నిటారుగా పెట్టింది. డ్యూటీ మారేటప్పుడు తరవాతి నర్సుకి పేషెంటు సంగతి అప్పగిస్తామే, అచ్చం ఆ గొంతుతో, తొణకకుండా, ఇంగ్లీషులో చెప్పింది. "కాదు మేడమ్. మొన్న నేను సరిగా చెప్పలేదు. మేము నలుగురం. నా భర్త, పదేళ్ల అమ్మాయి, నాలుగేళ్ల బాబు. మీరిచ్చే జీతంతో నలుగురం బతకగలం, ఒక నెల బతికి చూశాం. బయట ఇల్లు తీసుకోవడానికి ముందుగా కట్టే డబ్బు మాత్రం మా దగ్గర లేదు. మొదటి ఆరు నెలలు నలుగురికీ సరిపడే ఇల్లు మీరే ఇప్పించాలి. అద్దె నా జీతంలో పట్టుకోండి. ఇల్లు లేకపోతే నేను చేరలేను."

అవతలావిడ కళ్లజోడు తీసింది. డైరెక్టరుగారు మొహం పక్కకి తిప్పుకున్నారు. ఒక నెల బతికి చూశామంటే ఏంటని ఆవిడ అడిగింది. ఈమె బుట్ట సంగతి, కూలరు సంగతి చెప్పింది. ఆవిడ నవ్వలేదు. కనుక్కుని చెబుతానని కాల్ పెట్టేసింది.

"మొత్తం చెడగొట్టారు సిస్టర్‌గారూ" అన్నారు డైరెక్టరుగారు. ఆ తరవాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు. కుటుంబం ఊరెళ్లిపోయింది. ఆమె క్లాసులకి వస్తూనే ఉంది. నాకు మాత్రం అన్నం సయించలేదు. నా ప్రయోగం పిచ్చి వల్ల ఈ పిల్ల ఉద్యోగం పోతే ఆ ఇంటివాళ్లకి నా మొహం ఎలా చూపించాలి?

జవాబు ఒక మామూలు మధ్యాహ్నం వచ్చింది. డైరెక్టరుగారే ప్రింటు తీసి నా గదికి తెచ్చారు. తన గది వదిలి ఆయన మెట్ల పక్కకి రావడం అదే మొదలు. ఆసుపత్రి వెనక పాత క్వార్టర్సులో రెండు గదుల ఇల్లు, ఆరు నెలలకి. అద్దె జీతంలో పట్టుకుంటారు. "మీరు గెలిచారండీ" అని ఆయన చెయ్యి కలిపారు. నేను గెలిచానని నాకు ముందే తెలుసునన్నట్టు మొహం పెట్టాను.

మాస్టారు క్లాసులోంచి పిలుచుకొస్తే ఆమె వచ్చి, కాగితం మూడుసార్లు చదువుకుని అక్కడినుంచే ఇంటికి ఫోను చేసింది. స్పీకరు నేనే నొక్కాను. పెద్దమ్మాయి ఎత్తింది.

"ఇల్లిచ్చారమ్మా. ఇంగ్లండు వెళ్తున్నాం" అంది ఈమె.

ఆ పిల్ల చాలా బుద్ధిగా అడిగింది. "అమ్మా, నేను స్టేషనుకి నిన్ను దింపడానికి రావాలా, రైలెక్కడానికా?"

"రైలెక్కడానికే, నా తల్లీ. నాతోనే."

నాకు ఉద్యోగంలో శాలువాలు కప్పారు, దండలు వేశారు, ఒకసారి వెండి గ్లాసు కూడా ఇచ్చారు. అవన్నీ ఒక ఎత్తు, ఆ మెట్ల పక్క గదిలో ఆ ఫోను దగ్గర నిలబడటం ఒక ఎత్తు. మాస్టారు ముక్కు తుడుచుకున్నాడు, డైరెక్టరుగారు కిటికీ వైపు తిరిగారు. అందరికంటే ముందు బావురుమన్నది మాత్రం నేనే.